స్కానర్ సెన్సారు పేరు చెబితే సెన్సారే మార్చాలా?

పర్లాకిమిడి_పాతబండి:
సభ్యులకు నమస్కారం. నాది 2007 నాటి పెట్రోలు కారు, ఇప్పటికీ ఒడిశా పాత ఓఆర్ నంబరుతోనే తిరుగుతోంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి అరగంట ఆగితే ఏమీ జరగనట్టే స్టార్టవుతుంది. లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ 0335, అంటే ఇంజను తిరుగుడును కనిపెట్టే క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సారు సర్క్యూట్‌లో లోపం అని వచ్చింది. సెన్సారు మార్పించాను. కొద్దిరోజులు బాగానే నడిచి మళ్ళీ అదే జబ్బు. మెకానిక్కు ఈసారి కంపెనీ సెన్సారు వేద్దామంటున్నాడు. మళ్ళీ మార్చాలా, లేక ముందు వైరింగ్ చూపించాలా?

రాయగడ_మల్టీమీటరు:
మీరు రాసిన వాక్యంలోనే జవాబు ఉంది. ఆ కోడ్ చెబుతున్నది సెన్సారు చెడిపోయిందని కాదు, సర్క్యూట్‌లో లోపమని. సెన్సారు, దానికి తీగలు తగిలించే కప్లరు, అక్కడి నుంచి ఇంజనును నడిపించే కంప్యూటరు, అదే ఈసీయూ, దాకా వెళ్ళే తీగలు, ఎర్త్, అన్నీ కలిస్తేనే సర్క్యూట్. పదిహేనేళ్ళు దాటిన బండిలో సైలెన్సరు వేడికి తీగల మీది తొడుగు అప్పడంలా పెళుసుబారుతుంది, కప్లరు పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. వీటిలో దేనినీ చూడకుండా రెండోసారి సెన్సారు కొనడం డబ్బు పారేసుకోవడమే.

గుణుపురం_ప్రయాణికుడు:
బ్యాటరీ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ తీగ బిగుతుగా ఉందో లేదో ముందు చూడండి.

జయపురం_వర్క్‌షాపు:
వేడెక్కితే ఆగి, చల్లబడితే నడిచే బండిని నా చేతుల మీదుగా చాలానే చూశాను. సెన్సారు లోపల వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో పగులు వస్తే, వేడికి వ్యాకోచించినప్పుడు విడిపోతుంది, చల్లబడగానే మళ్ళీ అతుక్కుంటుంది. లక్షణం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు వైరింగ్ విప్పుకుంటూ కూర్చోవడం ఎందుకు? మొదటిసారి వేసింది డూప్లికేటు సెన్సారు అయి ఉంటుంది.

రాయగడ_మల్టీమీటరు:
అయి ఉంటుంది అనే మాటతో బండి బాగుపడదు. కొలిచి చూడమనే నేను చెబుతున్నది.

జయపురం_వర్క్‌షాపు:
చల్లగా ఉన్న సెన్సారును కొలిస్తే మంచిదనే చూపిస్తుంది. ఆ కొలతకు విలువేముంది?

రాయగడ_మల్టీమీటరు:
బండి ఆగిన వెంటనే, చల్లబడక ముందే కొలవాలి. అంతకన్నా ముందు పర్లాకిమిడి వారు ఒక విషయం చెప్పాలి. ఆ సెన్సారుకు తీగలు రెండా, మూడా? మూడైతే అది హాల్ రకం, అంటే బయటి నుంచి కరెంటు అందితేనే పనిచేసే ఎలక్ట్రానిక్ సెన్సారు. దానిని ఓముల్లో కొలిస్తే ఏమీ తెలియదు. ఇగ్నిషన్ ఆన్ చేసి, కప్లరు పిన్నుకు సరఫరా వోల్టేజీ వస్తోందో లేదో చూడాలి.

పర్లాకిమిడి_పాతబండి:
మూడు తీగలున్నాయండీ.

రాయగడ_మల్టీమీటరు:
అయితే రాగి తీగ చుట్ట గురించి వర్క్‌షాపు వారు చెప్పినదంతా ఈ బండికి వర్తించదు.

జయపురం_వర్క్‌షాపు:
మూడు తీగలు కనిపించినంత మాత్రాన హాల్ రకం అయిపోదు. చుట్ట రకం సెన్సారుకు కూడా చాలా బండ్లలో మూడో తీగ ఉంటుంది. అది సంకేతాన్ని ఇగ్నిషన్ అలజడి నుంచి కాపాడే కవచానికి ఎర్త్. పుస్తకం చదివి వైద్యం చేసేవారికి ఇది తెలియదు.

బరంపురం_పాఠకుడు:
ఇంకో సంగతి. బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఏర్పాటును ఓబీడీ అంటారు. మన దేశంలో ఓబీడీ-1 వచ్చింది 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య నిబంధనలతోపాటు. ఓబీడీ-2 వచ్చింది 2013 ఏప్రిల్‌లో. 2007 బండికి ఆ నిబంధన ఏదీ లేదు కనుక, చవక బ్లూటూత్ స్కానర్ దానితో సరిగా మాట్లాడుతుందన్న నమ్మకం లేదు. ఆ కోడ్ ఏ యంత్రంతో తీశారో అడగండి.

రాయగడ_మల్టీమీటరు:
వైద్యం మాట వచ్చింది కనుక నా అనుభవం కూడా వినండి. మిశ్రమంలో పెట్రోలు తక్కువైందనే పీ 0171 కోడ్ వచ్చిందని విశాఖలో ఒక గ్యారేజీలో నా బండికి పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సారు మార్చారు. లోపం పోలేదు. తరువాత గాలి వెళ్ళే రబ్బరు గొట్టం మడత దగ్గర చీలిక కనిపించింది. ఆ చీలికలోంచి దూరిన గాలిని సెన్సారు ఉన్నది ఉన్నట్టు చెబుతుంటే, చెప్పినదాన్నే పీకేశారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, పాత సెన్సారు కూడా ఇవ్వలేదు. మీలాంటివారు అందరూ ఇంతే.

జయపురం_వర్క్‌షాపు:
మీలాంటివారు అంటే ఎవరండీ? ఎవరో చేసిన పనికి నన్ను నిలదీయవద్దు. అసలు మాట నేనే చెబుతాను. రెండు గంటలు బండి కింద పడుకుని తీగలన్నీ వెతికి, చివరకు తెగిన చోట అతికించి బిల్లు ఇస్తే, ఒక్క పార్టూ వేయలేదు కదా, ఇంత కూలి ఏమిటని అడిగేది మీరే. అదే కొత్త సెన్సారు డబ్బా చేతిలో పెడితే మారుమాట లేకుండా ఇస్తారు. కొలవడానికి కూలి ఇవ్వనివారు కొలవలేదని ఎలా నిందిస్తారు?

రాయగడ_మల్టీమీటరు:
కూలి ఇవ్వను అని నేనెక్కడా అనలేదు. ఊహించి వేసిన పార్టు పనిచేయకపోతే ఆ నష్టం ఎవరిదన్నదే నా ప్రశ్న. ఎలక్ట్రికల్ సామాను అమ్మాక దుకాణం వారు వాపసు తీసుకోరు. మీరూ తీసుకోరు. తప్పు ఊహ మీది, ఖర్చు మాది.

జయపురం_వర్క్‌షాపు:
అందుకే లోపం కనిపెట్టే కూలి వేరుగా, పార్టు ధర వేరుగా ముందే మాట్లాడుకోవాలంటాను. కూలి ఇచ్చి కొలిపించుకుంటే, ఆపైన నేను చెప్పి వేసిన పార్టు తప్పైతే ఆ నష్టం నాది. కొలవొద్దు, మార్చెయ్ అని తొందరపెడితే మాత్రం నష్టం బండి యజమానిదే. చాలామంది రెండోదే కోరుకుంటారు.

పర్లాకిమిడి_పాతబండి:
మీ మాటల నడుమ నేనూ బండి కిందకు తొంగిచూశాను. మూడో తీగ విడిగా లేదు, మిగతా రెండింటి చుట్టూ వెండిరంగు అల్లికలా ఉంది. సైలెన్సరు పక్కన క్లిప్పు ఊడిపోయి ఆ తీగ కిందికి వేలాడుతోంది, అక్కడ పై తొడుగు నల్లబడి చిట్లింది. ఇంకొకటి, పోయినసారి ఘాట్‌లో ఇంజను ఆగినప్పుడు బండి గేరులోనే దొర్లుతున్నా ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది.

జయపురం_వర్క్‌షాపు:
అయితే చుట్ట రకమే. ముల్లు అలా పడిందంటే ఈసీయూకు సంకేతం అందడం లేదని అర్థం. బ్యాటరీ తీగ తీసి, ఈసీయూ వైపు కప్లరు విప్పి, ఆ చివర నుంచే కొలిపించండి. అప్పుడు సెన్సారూ తీగా రెండూ ఒకే కొలతలోకి వస్తాయి. కొన్ని వందల ఓములో, వెయ్యి పైనో, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె రావాలి. తీగను కదిలించినప్పుడు అది మారకూడదు. సంకేతం తీగకూ బాడీకీ మధ్య కనెక్షన్ అసలే కనిపించకూడదు. ఆ చిట్లిన చోట అల్లిక లోపలి తీగకు తగిలితే సంకేతం ఎర్త్‌లోకి పోతుంది. దాన్ని సరిచేయించకుండా సెన్సారు మాత్రం కొనవద్దు.

రాయగడ_మల్టీమీటరు:
మొదటి జవాబులో నేను రాసింది ఇదే కదా?

జయపురం_వర్క్‌షాపు:
మీరు హాల్ రకం అన్నారు.

గుణుపురం_ప్రయాణికుడు:
ఎర్త్ తీగ చూశారా మరి?