అప్‌డేట్: బురద మొహం కాస్త తేరుకుంది

రష్యన్ చిత్రకారుడు యావ్లెన్‌స్కీ 1909లో వేసిన నర్తకుడు సఖారోఫ్ పోర్ట్రెయిట్‌ని ఆయిల్స్‌లో కాపీ చేస్తుంటే తెల్లటి మొహం బురదైపోతోందని పోయిన నెల అడిగాను కదా. "రుద్దొద్దు, రంగుని పెట్టి వదిలెయ్" అన్నవాళ్లదే రైటు. పెదాల ఎరుపు పూసిన బ్రష్‌తోనే బుగ్గకి తెలుపు వేస్తున్నా, అదీ అసలు సంగతి. ఇప్పుడు తెలుపుకి వేరే బ్రష్, గీత గీతకీ పాత లుంగీ గుడ్డతో తుడుపు.

మా అనంతపురం ఎండకి రాత్రికల్లా ఆరుతుందనుకున్నా. రంగుని పలచన చేసే టర్పెంటైన్ ఆవిరైంది గానీ, రంగులోని నూనె గాలి పీల్చుకుని గట్టిపడాలట. నాలుగో రోజూ ఎరుపు వేలికంటింది. పైగా దుమ్ము!

యావ్లెన్‌స్కీ అట్ట మీద వేశాడని నేనూ చీరల డబ్బా అట్ట తీసుకున్నా, జెస్సో (రంగు కింద ముందుగా వేసే తెల్ల పూత) లేకుండా. నూనంతా తాగేసి రంగు వెలవెలబోయింది. ఈసారి జెస్సో రెండు పూతలు.

"ఏందిరా, ఈమెకు జరమొచ్చిందా?" అంది అమ్మ. మగోడమ్మా అంటే నమ్మలేదు.

ఎడమ కన్ను ఇంకా దిద్దుతూనే ఉన్నా. అసలు బొమ్మని యావ్లెన్‌స్కీ మళ్లీ దిద్దుతాడేమోనని సఖారోఫ్ తడి ఆరకముందే పట్టుకెళ్లిపోయాడంటారు. నా దగ్గర్నుంచీ ఎవరైనా లాక్కెళ్తే బాగుండు.