యాక్సెస్‌లో 'కంపాక్ట్ ఆన్ క్లోజ్' టిక్ పెట్టాలా, వద్దా?

ఎరువులకొట్టు:
మా కొట్టు బిల్లింగ్ అంతా ఎంఎస్ యాక్సెస్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాంలోనే. ఫైలు 1.4 జీబీకి వచ్చింది. 2 జీబీ నిండితే ఇక ఒక్క బిల్లు కూడా ఎక్కదట, అదే టెన్షన్. పాత బిల్లులు రెండేళ్లవి డిలీట్ చేశాను, సైజు ఇసుమంతైనా తగ్గలేదు. ఆప్షన్స్‌లో 'కంపాక్ట్ ఆన్ క్లోజ్' (ఫైలు మూసినప్పుడల్లా దానంతటదే ఖాళీ చోటు తీసేసి సైజు తగ్గించేది) టిక్ పెట్టెయ్, అదే చూసుకుంటుందని ఒకాయన అన్నాడు. ఛస్తే పెట్టొద్దని మా బావమరిది. ఎవరి మాట వినాలి?

పాతఫాక్స్:
పెట్టండి. డిలీట్ కొడితే రికార్డు పోతుందని ఎవరు చెప్పారండీ? ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాం రోజుల నుంచీ ఇదే కథ. దాని డేటా ఉండే డీబీఎఫ్ ఫైల్లో ప్రతి రికార్డు ముందు ఒక బైటు ఉంటుంది. డిలీట్ కొడితే అందులో ఒక స్టార్ (*) గుర్తు పడుతుంది, అంతే. రీకాల్ అని కమాండ్ కొడితే మళ్లీ లేచి వచ్చేది. కొట్టేసినవాటిని దాచే 'సెట్ డిలీటెడ్ ఆన్' కమాండ్ మర్చిపోయామా, కొట్టేసిన బిల్లులు కూడా టోటల్లో కలిసిపోయేవి! ప్యాక్ అనే కమాండ్ కొట్టాకే నిజంగా పోవడం. యాక్సెస్‌లో ఆ పని కంపాక్ట్‌ది. కొట్లో కుర్రాళ్లు నెలనెలా గుర్తుపెట్టుకుని చేస్తారా? ఆ పని మెషీన్‌కే వదిలేయండి.

నెట్‌వర్క్‌గోల:
పాతఫాక్స్ గారూ, డిలీట్ సంగతి మీరన్నది నిజమే. సలహాతోనే నాకు పేచీ. కంపాక్ట్ అంటే ఉన్న ఫైల్ని అక్కడికక్కడ చిన్నది చేయడం కాదు. పనికొచ్చే రికార్డులన్నీ కొత్త ఫైల్లోకి రాసి, పాతది తీసేసి, కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. దానికి డిస్కులో చోటు కావాలి, ఆ కాసేపు ఇంకెవరూ ఫైల్లో ఉండకూడదు. కొట్టు కట్టేసే హడావుడిలో మెయిన్ స్విచ్ ఆపేసేవాళ్లు మనలో తక్కువా? సరిగ్గా అప్పుడే ఈ మార్పిడి నడుస్తుంటే? పైగా అది ముందుగా బ్యాకప్ ఏమీ తీసిపెట్టదు.

ఇంకోటి. ఫారాలు ఒక ఫైల్లో, డేటా ఇంకో ఫైల్లో పెట్టి లింక్ చేసి ఉంటే, మీరు తెరిచి మూసే ఫారాల ఫైలే కంపాక్ట్ అవుతుంది. డేటా ఫైలు జోలికే పోదు. టిక్ పెట్టాం కదా అని నిశ్చింతగా కూర్చుంటారు, అది అక్కడ పెరుగుతూనే ఉంటుంది.

పాతఫాక్స్:
యూపీఎస్ పెట్టుకోమనండి. కరెంటు పోతుందని కంపాక్టే మానేస్తామా?

నెట్‌వర్క్‌గోల:
మానేయమనలేదండీ. కాపీ తీసుకుని, అందరినీ బయటికి పంపి, మనమే నొక్కుదాం అంటున్నా. ఎరువులకొట్టు గారూ, అసలు ఫైలు ఎందుకు ఉబ్బుతోందో చూశారా? ఉత్త బిల్లులతో 1.4 జీబీ రావడం కష్టం.

జీఎస్టీబుర్ర:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, మీరిద్దరూ సైజు గురించి కొట్టుకుంటున్నారు, నాకు భయమేసింది రెండేళ్ల బిల్లులు డిలీట్ చేశాననే మాటకి. సీజీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల రికార్డులు, ఆ సంవత్సరం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. మీరు కొట్టేసినవి ఏ ఏడాదివి? ఇంకా గడువు తీరనివైతే కంపాక్ట్ నొక్కకముందే పాత బ్యాకప్ వెతకండి. ఫాక్స్‌ప్రోలోలా ఇక్కడ రీకాల్ లేదు. అసలు డిలీటే తప్పంటాను నేను. ఏడాదికో ఫైలు చేసి పాతవి అందులోకి మార్చండి, కావాలంటే లింక్ చేసి చూసుకోవచ్చు.

వ్యాక్యూమ్:
ఎస్‌క్యూలైట్ అనే ఇంకో డేటాబేస్‌కి మారిపోండి, ఈ గొడవే ఉండదు. అందులో ఖాళీ అయిన పేజీలను (ఫైల్లోని ముక్కలను) తర్వాతి రికార్డులకు అదే వాడేసుకుంటుంది. మరీ చిన్నది కావాలంటే వ్యాక్యూమ్ కమాండ్ ఉంది.

నెట్‌వర్క్‌గోల:
వ్యాక్యూమ్ తమ్ముడూ, బిల్లింగ్ ఫారాలన్నీ మళ్లీ నువ్వొచ్చి రాసిస్తావా? పైగా మీ వ్యాక్యూమ్ చేసేదీ ఇదే, డేటా అంతా ఇంకో ఫైల్లోకి తిరగరాయడమే. దానికీ చోటు కావాలి.

ఎరువులకొట్టు:
జీఎస్టీబుర్ర గారూ, బతికించారు. రెండేళ్లలో ఒకటి ఇంకా గడువులోనే ఉంది. ఉగాదికి పెన్‌డ్రైవ్‌లో తీసిన కాపీ దొరికింది, అందులో అన్నీ ఉన్నాయి.

ఉబ్బడానికి కారణం కూడా తెలిసింది. రోజూ సాయంత్రం స్టాకు రిపోర్టు కోసం స్టాకు పట్టీ మొత్తం ఒక తాత్కాలిక టేబుల్లోకి పోసి, ప్రింటు రాగానే డిలీట్ చేస్తోంది. దానికితోడు కంపెనీ ఇన్వాయిస్‌లు స్కాన్ చేసి బొమ్మలుగా టేబుల్లోనే అతికించేశాం. రైతుల పేర్లు తెలుగులో కొట్టడం వల్ల కూడా పెరుగుతుందా?

నెట్‌వర్క్‌గోల:
కొంచెం. యూనికోడ్ కంప్రెషన్‌తో (అక్షరాలను కుదించి దాచే యాక్సెస్ సెట్టింగ్) ఇంగ్లిష్ అక్షరం ఒక బైటులో సర్దుకుంటుంది, తెలుగుకు ఆ లాభం లేదు. దాని గురించి బెంగ పెట్టుకోకండి, పేర్లు తెలుగులోనే ఉంచండి. బొమ్మలు ఫోల్డర్లో పెట్టి టేబుల్లో ఆ బొమ్మ ఎక్కడుందో చెప్పే దారి (పాత్) మాత్రం రాయండి. తాత్కాలిక టేబుల్‌ని వేరే ఫైల్లోకి నెట్టేయండి, రోజూ ఆ ఫైల్ని తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. ఆ తర్వాత కంపాక్ట్ చేసి సైజు ఎంతకొచ్చిందో ఇక్కడ రాయండి.

పాతఫాక్స్:
ఇవన్నీ చేశాక కూడా నేను టిక్ పెట్టమనే అంటాను.

జీఎస్టీబుర్ర:
కంపాక్ట్ సంగతి రేపు. ముందు ఆ పెన్‌డ్రైవ్ కాపీని ఇంకో చోట పెట్టండి.