ఎండీ గారిని పోస్ట్‌గ్రెస్‌కి ఒప్పించడం ఎలా?

గుంటూరు_ఐటీ:
అందరికీ నమస్తే. మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. టిక్కీల (మిర్చి బస్తాల) ఇన్‌వర్డ్, బాండ్లు, అద్దె, రైతుల అడ్వాన్సులు అన్నీ మేం రాసుకున్న సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తాయి, వెనకాల ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌లో ఉచిత ఎడిషన్) ఉంది. అది ఒక డేటాబేస్‌ని 10 జీబీ దాటనివ్వదు, మాది దాదాపు అక్కడికొచ్చేసింది. సీజన్ మధ్యలో నిండిందంటే కొత్త లాట్ ఎంట్రీ పడదు, లారీలు గేటు బయటే ఆగిపోతాయి, ఇప్పట్నుంచే టెన్షన్. డీలర్ దాని డబ్బు కట్టే స్టాండర్డ్ ఎడిషన్‌కి కొటేషన్ పంపాడు. నేను పోస్ట్‌గ్రెస్ అన్నాను, లైసెన్స్ డబ్బు లేని ఇంకో డేటాబేస్ అది. "ఊరికే ఇచ్చినవాడు రేపు ఫోన్ ఎత్తుతాడా?" అన్నారు ఎండీ గారు. ఏం చెప్పాలి?

బెజవాడ_డీబీఏ:
ముందు ఆయన దగ్గర "ఫ్రీ" అనడం మానేయండి. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే, రాత్రి సర్వర్ పడుకుంటే వచ్చే మనిషి కావాలి. కాబట్టి పోస్ట్‌గ్రెస్‌కి డబ్బు తీసుకుని సపోర్ట్ ఇచ్చేవాళ్ల దగ్గర ఏఎంసీ (ఏడాది సర్వీస్ ఒప్పందం) కొటేషన్ తెచ్చి, దాన్ని కూడా ఖర్చులో కలిపి ఐదేళ్ల లెక్క చూపించండి. అటు డీలర్‌ని కూడా అడగండి, ఈ రేటులో సర్వర్ పడితే మనిషి వస్తాడా అని, కాగితం మీద. లైసెన్స్ వేరు, సర్వీస్ వేరు అని అప్పుడు ఆయనకే తెలుస్తుంది. స్టాండర్డ్‌ని ప్రాసెసర్ కోర్ల లెక్కన కొంటే కనీసం 4 కోర్లకి కట్టాలి, రేపు పెద్ద మెషీన్ కొంటే మళ్లీ కట్టాలి. పోస్ట్‌గ్రెస్ నిన్నగాక మొన్న పుట్టిందేం కాదు, 1986లో బర్క్‌లీ యూనివర్సిటీలో మొదలైంది, ఒక్కో పెద్ద వెర్షన్‌కి ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. షేర్లు కొనే ఎండీ గారైతే షేర్ బ్రోకర్ జెరోధా వాడేది కూడా ఇదేనని చెప్పండి, మనం చెప్పే సాంకేతిక విషయాల కంటే అది బాగా పనిచేస్తుంది :)

పాత_కోడర్:
నేను కాస్త అడ్డం పడతాను. 10 జీబీ ఒక్కటే కారణంగా చూపిస్తే మీ వాదన నిలబడదు, ఎక్స్‌ప్రెస్ 2025లో ఆ పరిమితిని 50 జీబీ చేశారు. డీలర్ చెప్పడు లెండి, ఆయనకి స్టాండర్డ్ అమ్ముడుపోవాలి కదా. పైగా మీ స్టోర్డ్ ప్రొసీజర్లన్నీ (డేటాబేస్ లోపలే రాసిన ప్రోగ్రాములు) తిరగరాయాలి, ఆ కూలి ఎవరూ లెక్కలో వెయ్యరు. ఇంకోటి, ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు సెట్టింగ్‌లో ఇంగ్లీషు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఒకటే, పోస్ట్‌గ్రెస్‌లో వేరు. గుమస్తా రైతు పేరు కొడితే దొరకలేదంటుంది, అప్పుడు తిట్లు మీకే. ఆ తేడా చూడని ఐలైక్‌తో వెతకాలి, లేదంటే ఆ కాలమ్‌ని అలాంటిదే సైటెక్స్ట్ రకం చేయాలి.

గుంటూరు_ఐటీ:
50 సంగతి తెలియదు, థాంక్స్ అండి. మరైతే పోస్ట్‌గ్రెస్ ఎందుకు అని ఆయన అడిగితే?

బెజవాడ_డీబీఏ:
సైజు పెరిగినా ఎక్స్‌ప్రెస్ 4 కోర్లు దాటదు, బఫర్ మెమరీ (డేటాని చేతికందేలా ర్యామ్‌లో ఉంచుకునే చోటు) 1410 ఎంబీ దగ్గరే ఆగుతుంది, సాయంత్రం స్టాక్ రిపోర్ట్ లాగితే బిల్లింగ్ నత్తనడక నడిచేది అందుకే కావచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో రెండో మెషీన్‌కి డేటా ఎప్పటికప్పుడు కాపీ అయ్యేలా పెట్టుకోవచ్చు, దానికి వేరే లైసెన్స్ లేదు. ఆయన ముందు మాటలు వద్దు, టెస్ట్ మెషీన్‌లో ఒక టేబుల్ చెరిపేసి, చెరపకముందు నిమిషానికి వెనక్కి తెచ్చి చూపించండి. దానికి వాల్ ఆర్కైవింగ్ (ప్రతి మార్పు రాసుకునే లాగ్‌ని దాచిపెట్టడం) ముందే ఆన్ చేసి ఉండాలి, మర్చిపోకండి. ఈ సీజన్‌కి మాత్రం లైవ్ సిస్టమ్ ముట్టుకోవద్దు, ఆ 10 జీబీ పరిమితి ఒక్కో డేటాబేస్‌కి కాబట్టి పాత సంవత్సరాలు ఇంకో డేటాబేస్‌లోకి మార్చి నెట్టుకురండి, యార్డు సందడి తగ్గాక పాతదీ, పోస్ట్‌గ్రెస్సూ రెండూ పక్కపక్కన నడపండి.

పాత_కోడర్:
దీనికి ఒప్పుకుంటా. ఆడిటర్‌ని కూడా ముందే కలవండి. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే అకౌంట్స్ ఎంట్రీ మారిస్తే ఎడిట్ లాగ్ (ఏది ఎప్పుడు మారిందనే రికార్డు) ఉండాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి రూల్. పోస్ట్‌గ్రెస్ దాన్ని తనంతట తాను రాయదు, ట్రిగ్గర్లు (ఎంట్రీ మారగానే వాటంతటవే నడిచే కోడ్) మీరే పెట్టుకోవాలి. ఆడిటర్ సరేనంటే మీ ఎండీ గారి దగ్గర సగం పని అయినట్టే.