అప్‌డేట్: చక్రాల కుర్చీలోంచి కాకటీల్ పంజరం శుభ్రం చేసుకోవడం

చక్రాల కుర్చీలో ఉంటూ, పట్టు తక్కువైన వేళ్లతో నా కాకటీల్ (చిలుకల కుటుంబానికి దగ్గరి చిన్న పెంపుడు పక్షి) పంజరాన్ని రోజూ శుభ్రం చేయడం ఎలాగని ఇంతకుముందు అడిగాను. మీ సలహాలతో ఆ పని ఇప్పుడు నా అంతట నేనే చేసుకోగలుగుతున్నాను. పంజరాన్ని కుర్చీ చేతుల ఎత్తుకు దించి, అడుగున వార్తాపత్రికలను పొరలుగా పరిచాను కాబట్టి, ఉదయం పై కాగితాన్ని మడిచి తీసేస్తే సరిపోతుంది, బరువైన ట్రేను ఎత్తే అవసరం రోజూ రాదు. అయితే తలపైనుంచి వచ్చే చేతిని చూస్తే పక్షులు బెదురుతాయి కనుక, నా కాకటీల్ కూర్చునే కర్రను నా కళ్ల ఎత్తులో అమర్చాను. అన్నింటికంటే మేలు చేసింది నీళ్ల గిన్నె మార్పు: కొక్కెం నొక్కే పని లేకుండా, బయటినుంచి అరచేత్తో తిప్పితే ఊడివస్తుంది. ఈ జాతి ఈకల నుంచి తెల్లని పొడి బాగా రాలుతుంది. దానికి తడిగుడ్డ చుట్టిన పొడవాటి కర్ర వాడుతున్నాను. గోళ్లు కత్తిరించే పని మాత్రం పక్షుల వైద్యుడికే అప్పగించాను.