మండువా లోగిలి ప్లాన్ కొత్త ఇంటికి కుదురుతుందా? 500 గజాలు, తూర్పు ముఖం

గోదారిగట్టు:
నమస్కారం అండి అందరికీ. ఈమధ్య రాజోలు వైపు మా అత్తయ్యగారి ఊరెళ్ళాం, అక్కడ వాళ్ళ పాత మండువా ఇల్లు మొత్తం తిరిగి చూశాను, అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. వీధిలో రెండు పక్కలా అరుగులు, సింహద్వారం గడప మోకాలి ఎత్తుకి కొంచెం తక్కువ, అది దాటి లోపలికి అడుగు పెట్టగానే నెత్తి మీద ఆకాశం, అదే మండువా. చుట్టూ వసారా, దానికి టేకు స్తంభాలు, ఒక్కో స్తంభం కింద రాతి దిమ్మ, కర్ర అసలు నేలకి తగలట్లేదు. ఎదురుగా పడమటిల్లు, అందులో భోషాణం, పైన అటక, పక్క గదిలో ధాన్యం గాదె. వంటిల్లు వెనకాల విడిగా, దాటితే పెరడు, నుయ్యి. వసారాలో పడక్కుర్చీ వేసుక్కూర్చుంటే ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో మొత్తం తెలుస్తుంది, నాకు బాగా నచ్చింది అదే.

మాకు రాజమండ్రి దగ్గర 500 గజాలుంది, 50 అడుగులు వీధివైపు, 90 లోపలికి. ఇల్లు 40 బై 60 అనుకుంటున్నాం. అమ్మ నాన్న, మేమిద్దరం, పిల్లలు, పండక్కి తమ్ముడి ఫ్యామిలీ. నాలుగు వైపులా గదులు పెట్టి మధ్యలో మండువా కావాలంటే కుదురుతుందా? డిజైనర్ ఏమో పైన గ్లాస్ వేసేద్దాం అంటున్నారు, వాన, దోమలు ఉండవని. కట్టించినవాళ్ళు, ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సైట్‌ఇంజనీర్_తూగో:
బ్రో ముందు టేప్ లెక్క చూడండి. మండువా 10 బై 12 అనుకోండి, అంతకంటే చిన్నది పెడితే వెలుతురు షాఫ్ట్ లాగే ఉంటుంది. చుట్టూ వసారా కనీసం 6 అడుగులు ఉండాలి, మంచం వేసినా మనిషి నడవాలిగా. అడ్డంగా 6+10+6, అక్కడికే 22 అయిపోయింది, మీ వెడల్పు 40. మిగిలిన 18లో రెండు పక్కలకీ పంచితే గోడలతో కలిపి తొమ్మిదేసి అడుగులు, అందులో బెడ్‌రూమ్ ఏం పెడతారు. అందుకని నాలుగు వైపులా గదులు వదిలెయ్యండి. ఒక పొడుగు పక్క మాత్రమే 14 అడుగుల గదులు, ముందు హాలు, వెనక వంటిల్లు డైనింగు, నాలుగో వైపు ఉత్త గోడ, దానికి ఆనుకుని వసారా. అప్పుడు 36, గోడలకి ఇంకో మూడు, 39లో సరిపోతుంది. పాత ఇళ్ళ స్థలాలు వేరు అండి, ఆ వెడల్పులు వేరు.

రెండోది వసారా కప్పు మండువా వైపుకి దిగే వాలు. పెంకు వెయ్యాలంటే 30 డిగ్రీలు పెట్టుకోండి, అంటే అడుగుకి ఏడు అంగుళాలు దిగాలి, 6 అడుగుల వసారాకి మూడున్నర అడుగులు. చూరు ఏడున్నర దగ్గర ఆగాలంటే గోడ దగ్గర 11 ఉండాలి. శ్లాబ్ ఎత్తు ఇప్పుడే ఫిక్స్ చేసుకోండి, తర్వాత మార్చలేరు.

మూడోది నీళ్ళు, అందరూ ఇక్కడే తేలిగ్గా తీసుకుంటారు. మండువా, వసారా కప్పు కలిపి 528 చదరపు అడుగులు, దాదాపు 49 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. వాయుగుండం పట్టి రోజులో 100 మి.మీ. కొట్టిందంటే 5 వేల లీటర్లు మీ ఇంటి నడిమధ్యకి వచ్చేసినట్టే. మండువా నేల వసారా కంటే అడుగు కిందకి ఉండాలి, తూము ఒకటి కాదు రెండు పెట్టండి, ఒకదాంట్లో ఆకు అడ్డం పడినా రెండోది లాగుతుంది. ఆ నీళ్ళు పెరట్లో ఇంకుడు గుంతకి పంపండి, డ్రైనేజీలో కలపొద్దు.

కోనసీమ_అమ్మమ్మ:
నాయనా, నేను అలాంటి ఇంట్లోనే కాపరానికొచ్చాను కాబట్టి చెబుతున్నా. ఇల్లు చల్లగా ఉంటుంది, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎంతమందొచ్చినా పట్టేస్తారు, ఆవకాయ రోజున మండువా చుట్టూ అందరం కూర్చుని ముక్కలు కొట్టేవాళ్ళం. కానీ గదుల్లో వెలుతురు ఉండేది కాదు, పట్టపగలు కూడా పడమటింట్లో దీపం పెట్టుకోవాల్సిందే. వాన రోజుల్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళాలంటే జల్లు కొట్టేది, వసారా జారేది. రాత్రిపూట దొడ్లోకెళ్ళాలంటే మగవాళ్ళు పడుకున్న మంచాల మధ్య నుంచి వెళ్ళాలి, కొత్త కోడలికి అది ఎంత ఇబ్బందో ఎవరూ అడగలేదు. మీ అమ్మగారి గదికి బాత్రూం కలిపే పెట్టించు. గడపలు ఎత్తు పెట్టొద్దు. వసారాకి నున్నటి టైల్స్ అసలు వద్దు, గరుకు రాయి వెయ్యి. ప్రతి గదికీ బయటి గోడకి పెద్ద కిటికీ పెట్టించు.

పాతకలప:
స్తంభాల గురించి నాదో మాట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో పంట పెరిగి డబ్బు చేతికొచ్చింది, అలాంటి పెద్ద ఇళ్ళకి ఆ బలమే. కొన్నిటికి రంగూన్ టేకు సముద్రం మీద వచ్చింది. ఇప్పుడు ఇళ్ళు కూల్చినప్పుడు ఆ స్తంభాలూ ద్వారబంధాలూ పాత కలప అడితీల్లో దొరుకుతున్నాయి. కొనేముందు అడుగు భాగం చూడండి, పైకి ఎంత నిగనిగలాడినా అడుగున మేకుతో గుచ్చితే లోపలికి దిగిపోతుంటే వదిలెయ్యండి. మీరు చూసిన రాతి దిమ్మ అందుకే, తడీ చెదలూ కర్రకి ఎక్కకుండా. 1996 నవంబర్ తుఫానులో కోనసీమలో పెంకుటిళ్ళు చాలా దెబ్బతిన్నాయి, కాబట్టి పెంకు కింద శ్లాబ్ గానీ, పెంకుల్ని స్క్రూలతో బిగించడం గానీ చెయ్యండి.

గోదారిగట్టు:
అమ్మమ్మగారూ, మీరు చెప్పినవి డిజైనర్ ఒక్కటి కూడా అనలేదండి, అమ్మ గదికి బాత్రూం ముందే మార్పించేస్తా. ఇంజనీర్ గారూ, ఉత్త గోడ ఏ వైపు పెట్టమంటారు? గ్లాస్ సంగతి కూడా చెప్పలేదు మీరు.

సైట్‌ఇంజనీర్_తూగో:
గ్లాస్ వద్దు అండి. మన దగ్గర మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. తెరిచి ఉంటే ఆ వేడి గాలి పైకి పోతుంది, అద్దం మూస్తే అక్కడే ఉండిపోయి ఏసీ బిల్లు మీరు కడతారు. దొంగల భయానికి ఇనప గ్రిల్, దాని కింద తీసి కడుక్కునే దోమల మెష్ చాలు. గోడ ఉత్తరం వైపు పెట్టండి, గదులు దక్షిణానికి పెడితే సాయంత్రం దక్షిణపు గాలి కిటికీల్లోంచి వచ్చి మండువాలోంచి పైకి పోతుంది. గదుల తలుపులు మాత్రం కిటికీలకి ఎదురుగా పెట్టించండి, అడ్డంగా బీరువా గోడ వస్తే గాలి ఆడదు. ప్లాన్ గీయించాక ఇక్కడ పెట్టండి, తూములు ఎక్కడొచ్చాయో చూసి చెప్తా.