అప్‌డేట్: హోమ్ డయాలసిస్ మెషిన్‌తో ఫ్లైట్ ప్రయాణం, పని అయిపోయింది

నాన్నగారి నెక్స్‌స్టేజ్ మెషిన్ (ఇంట్లోనే డయాలసిస్ చేసుకునేది) ఫ్లైట్‌లో ఎలా తీసుకెళ్లాలి, అక్కడ నీళ్ల సంగతేంటి అని అడిగాను కదా, వెళ్లొచ్చేశాం, అందరికీ థాంక్స్. బాగా పనికొచ్చింది మాత్రం డయలైసేట్ (డయాలసిస్‌కి వాడే ద్రవం) బ్యాగులు ముందే పంపించేయమన్న సలహా, ఒక్కోటి 5 లీటర్లు, అన్ని మోసుకెళ్లడం అయ్యే పని కాదు, సప్లయర్‌కి చాలా ముందుగా చెప్తే నేరుగా మేం దిగే హోటల్‌కే పంపారు. మెషిన్ దాదాపు 34 కిలోలు, చక్రాల కేస్‌లో పెట్టి చెకిన్ చేశాం, ఎయిర్‌లైన్‌కి ముందే ఫోన్ చేసి డాక్టర్ లెటర్ పంపితే మెడికల్ పరికరం కింద రాసుకున్నారు, లగేజీ లెక్కలో వేయలేదు (ఇది ఎయిర్‌లైన్‌ని బట్టి మారొచ్చు, అడిగి తీరాలి). ఆ ద్రవం కలపడానికి శుద్ధి చేసిన ఆర్‌ఓ నీళ్లు కావాలేమో అని నేను తెగ భయపడ్డాను, ఆ గొడవ అసలు లేనే లేదు, బ్యాగుల్లో ద్రవం కలిపే వస్తుంది. నర్సు చెప్పిన ఇంకోటి, మందులు, ఒకసారి డయాలసిస్‌కి సరిపడా కార్ట్రిడ్జ్ (మెషిన్‌లో పెట్టే ఫిల్టర్, ట్యూబుల సెట్) చేతి బ్యాగులోనే పెట్టుకోండి.