ఈ వారం సమస్య: కాసు లేనివాడె కడు ధనికుడు

నిర్వాహకుడు: తిరుమల హుండీ సొమ్ము లెక్కపెట్టే పరకామణి సేవకుడి ఒంటి మీద జేబు అన్నదే ఉండదని ఒక మిత్రుడు చెప్పగా నవ్వుకున్నాను. ఆ నవ్వులోంచి ఊడిపడిన పాదం ఇది. దీన్ని చివరి పాదంగా పెట్టి, ఇందులోని విరోధం పోయేలా పద్యం పూరించాలి. ఇక మీదే ఆలస్యం.

అలిపిరి అవధాని:
జేబు తడిమి చూడ జిల్లర లేదాయె
ఫోను చూపి టీని పుచ్చుకొనియె
గళ్లబొమ్మ చాలు కాలమే మారెరా
కాసు లేనివాడె కడు ధనికుడు

తిరుపతి బస్టాండు పక్కన కళ్లారా చూసిందే రాశాను.

ఛందోభటుడు: క్యూఆర్ కోడ్‌ను గళ్లబొమ్మ అనడం బాగుంది, కాదనను. కానీ జేబులో లేని కాసు ఖాతాలో ఉంది కదండీ! విరోధాన్ని పరిహరించమంటే అసలు విరోధమే లేకుండా చేశారు. ఉగాది సమస్యకు చివర ప్రశ్నార్థకం తగిలించి పూరణ అనిపించుకున్న చేయి కదా, అంతకు మించి ఆశించడం మాదే అత్యాశ.

అలిపిరి అవధాని: ఆ ఉగాది పూరణకు "భేష్" అన్నవారిలో తమరూ ఉన్నట్టు గుర్తు.

మామిడితోట, చిత్తూరు:
రద్దు గాగ నోట్లు రాత్రికి రాత్రియే
దాచినట్టివారు తల్లడిల్ల
గుడిసె యందు హాయి గురక పెట్టినవాడు
కాసు లేనివాడె కడు ధనికుడు

2016 నవంబరు 8. వెయ్యి, అయిదువందల కట్టలున్న ఇళ్లలో ఆ రాత్రి ఎవరికి కునుకు పట్టింది?

కపిలతీర్థవాసి: ఆ గురక ఒక్కటే చాలు, పద్యం నిలిచింది. అయితే మూడోనాడు బ్యాంకు తెరవగానే వరుసలో పరుల నోట్లు పట్టుకుని కూలికి నిలబడిందీ ఆ గుడిసెవాడే. వాడి ధనికత్వం బ్యాంకు తెరిచే దాకానే అన్నమాట. దాని మీద ఇంకో పద్యం రాయండి, అడిగి చదువుతాను.

అలిపిరి అవధాని: "హాయి" పక్కన "గా" ఏ వరదలో కొట్టుకుపోయింది?

మామిడితోట, చిత్తూరు: గణాల వరదలో, అవధానిగారూ.

ఛందోభటుడు: ఊళ్లో వెంకన్న అన్నగారు గోవిందరాజస్వామిని పెట్టుకుని టీ బంకులెందుకు?

అన్నగారు కొలిచి యలసి పండినవాడు
కుంచ మొకటి తలకు గొప్ప దిండు
వచ్చు సొమ్ము వడ్డివారికే పోయినన్
కాసు లేనివాడె కడు ధనికుడు

అలిపిరి అవధాని: ఆహా! "పోయినన్" చివరి ద్రుతం (ఆ "న్") మీద కాసు "గాసు" కావద్దూ? భటులవారి కాపలాలోనే దొంగ పడ్డాడు.

ఛందోభటుడు: "పోవుగా" అని చదువుకోండి. మీ కన్ను పద్యం మీద కన్నా నా మీద ఎక్కువుంది.

నిర్వాహకుడు: సవరణ సరిపోయింది. కుబేరుడి అప్పు తీర్చడానికి తమ్ముడి సొమ్ము కొలిచి కొలిచి, ఆ కుంచాన్నే తలకింద పెట్టుకుని పడుకున్న అన్నగారిని తేవడం సొగసుగా ఉంది. కానీ వెంకన్నస్వామికి లేమి ఒక లీల, గుడిసెవాడికి అది నిజం. అందుకే ఈ వారం నా ఓటు చిత్తూరుకే.

అలిపిరి అవధాని: ఉగాది పుట దొరికింది. "భేష్, భేష్" అని రెండుసార్లు ఉంది, ఛందోభటుడి పేరిట.